పెత్తరమాస బట్టలు

మన పిల్లలను దత్తత తీసుకోవడానికి విదేశాల నుంచి వచ్చే దంపతులకు నేను దుబాసీగా మాటసాయం చేస్తుంటాను. మహబూబ్‌నగర్‌లో ఇంగ్లిషు టీచరుగా రిటైరయ్యాక అంటుకున్న పని ఇది. వాళ్లు అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. పిల్ల కారం తింటుందా, టీకాలు ఏవేవి పడ్డాయి, మా చలికి తట్టుకుంటుందా. మొదట్లో ఓపికగా జవాబులిచ్చేదాన్ని. ఇప్పుడు మధ్యలోనే ఆపి, "కన్నతల్లికి ఏమని చెప్పారో కనుక్కున్నారా?" అని అడుగుతాను. కాగితాల్లో ఉందంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

తెలంగాణ వచ్చిన అయిదేళ్లకు ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఇరవై నాలుగేళ్లుంటాయి. నెలల పిల్లగా ఇక్కడి నుంచి ఏదో మంచుదేశానికి వెళ్లి అక్కడే పెరిగింది. తల్లి ఇష్టపూర్వకంగా అప్పగించిందని ఆమె కాగితాల్లో ఉంది, కింద వేలిముద్ర. ఎందుకిచ్చేశావని తల్లిని ఒక్కసారి అడగాలి, అంతే ఆమె కోరిక. కాగితాల్లో ఉన్న ఊరి పేరు పట్టుకుని మక్తల్ దాటి వెళుతుంటే, దారి పొడవునా ఆ ఒక్క ప్రశ్నే తెలుగులో నేర్చుకుంది. "నన్నెందుకు ఇచ్చినవమ్మా?"

మేం వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. రేకుల ఇంటి ముందు ఒకామె కందులు చెరుగుతోంది. తలెత్తి అమ్మాయిని చూసింది. చేట చేతుల్లోనే ఆగిపోయింది. ఇద్దరి ముఖాలూ చూశాక నేను అడగాల్సిందేమీ మిగల్లేదు. ఆమె మాత్రం దగ్గరికి రాలేదు. లేచి గోడకు అంటుకుని నిలబడి, నాతో మెల్లగా అంది:

"అక్కా, జర గామెను బూట్లు ఇడువమను."

ఎందుకన్నాను.

"కాళ్లు సూడాలె. ముందటికున్నయా, ఎనక్కున్నయా."

దయ్యాలకు పాదాలు వెనక్కి ఉంటాయని చిన్నప్పుడు విన్నదే. ముప్పై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పిన నేను కూడా, సిగ్గు లేకుండా, ఆ పాదాల వైపే చూశాను. అమ్మాయి ఏమీ తెలియక బూట్లు విప్పింది. పాదాలు సరిగానే ఉన్నాయి. అయినా ఆమె గోడను వదల్లేదు.

"నా బిడ్డ సచ్చిపోయిందక్కా. పుట్టిన మూడో దినం, దవాఖానల. మూట తెచ్చి చేతుల పెట్టిండ్రు, మొఖం సూడొద్దన్నరు. బిడ్డ పోయినట్టు రాసుకుంటం, ఏలుముద్ర ఎయ్యుమన్నరు. మా ఆయన చెలకల పూడ్చిపెట్టిండు. ఆయన గూడ పోయి పదేండ్లాయె."

నేర్చుకున్న ప్రశ్న అడగడానికి అమ్మాయి నోరు తెరిచింది. నేను ఆమె చేయి గట్టిగా పట్టుకుని, వద్దన్నాను. విన్నది ఇంగ్లిషులో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఈలోగా తల్లి లోపలి నుంచి ఒక రేకుపెట్టె ఈడ్చుకొచ్చింది. పెత్తరమాస, అంటే పెద్దల అమావాస్య నాడు, పోయిన పెద్దలకు బట్టలు పెడతాం. పసికందులకు పెట్టే ఆచారం లేదు. ఊరు నవ్వినా ఈమె మాత్రం ఏటా బిడ్డకు ఒక జత పెట్టింది, బతికుంటే ఎంతుండేదో ఊహించుకుని, ఏడాదికింత పెద్దది చేస్తూ. అరచేతిలో పట్టే చొక్కా మొదలు గౌన్లు, లంగాలు, ఓణీలు, చివరికి చీర, రవిక. చచ్చినపిల్ల బట్టలని ఊళ్లో ఎవరూ తీసుకోలేదు. అన్నీ మడత నలగకుండా ఆ పెట్టెలోనే ఉన్నాయి.

"గీ రవిక తొడగమను. టైలర్‌కు అందాజగ చెప్పి కుట్టిపిచ్చిన."

అమ్మాయి లోపలికెళ్లి తొడుక్కుని వచ్చింది. భుజం దగ్గర గానీ చేతుల దగ్గర గానీ అంగుళం తేడా లేదు. తల్లి కింద కూలబడి, ఆ రెండు పాదాలూ పట్టుకుని, ఊరంతా వినబడేట్టు ఏడ్చింది. అమ్మాయి కూడా "అమ్మా" అని ఏడ్చింది. ఆ తర్వాత చేసిన డీఎన్‌ఏ పరీక్షలోనూ తల్లీబిడ్డలేనని తేలింది.

ఏడుపు తగ్గాక తల్లి మమ్మల్ని చెలకకు, తమ మెట్టచేనుకు, తీసుకుపోయింది. ఒక తంగేడు పొద, దాని మొదట్లో పసుపు పూసిన రాయి. తన సమాధి ముందు తాను నిలబడ్డ ఆ అమ్మాయిని చూడలేక నేను పక్కకు తిరిగాను. తల్లి గొంతు ఉన్నట్టుండి మారింది.

"అక్కా, మూట బరువుండె. నేను ఎత్తుకున్న గద. మరి గీడ పండుకున్నది ఎవలు?"

బయల్దేరేముందు, ఇక బట్టలు పెట్టడం మానేయమన్నాను. ఆమె నన్ను కోపంగా చూసింది.

"గట్లెట్లక్కా? నా బిడ్డ నాకొచ్చింది. గీడ పండుకున్న పిల్లకు నేను తప్ప ఎవలున్నరు?"

ఆ ఏడు పెత్తరమాసకు అమ్మాయి మంచుదేశం నుంచి నా పేర ఒక పొట్లం పంపింది. అందులో ఒక కొత్త గౌను ఉంది. ఆ రాయి దగ్గర పెట్టమని రాసింది. ఏ కొలతకు కొన్నావని ఫోనులో అడిగాను.

"నా కొలతకే," అంది. "ఇద్దరిదీ ఒకటే వయసు కదా."