హప్తా అంటే వారమే అనుకున్నది అమ్మ

ఇయ్యాల మా కుట్టుమిషన్ అప్పు తీరింది. చేతిల రోఖ్ పైసలు, నగదు లేకుంటే సూది కూడ కొనని మా బాపు, అది ఇంట్లకొచ్చిన దినం నుంచి దాని దిక్కు చూడలే. అమ్మనే నా కోసం పది హప్తాల మీద తెచ్చింది.

పొద్దుగాల అమ్మ, నేను పదో హప్తా కట్టనీకె దుకాణానికి పోయినం. వారం వారం ఏం చెప్పకుండ పైసలు తీస్కునే గుమాస్తా లేడు. సేఠే కార్డు చూసి నవ్విండు, మరాఠీల అన్నడు: "బాయీ, హప్తా అంటే కిస్తు, నెలకొకటి. పది నెలలది పది వారాలల్ల కట్టేసినవ్."

మాకు బీడీల మజూరి వారానికొకపారి వస్తది. మా మాటల్ల హప్తా అంటే వారమే. అందుకే అమ్మ ఇన్ని దినాలు కోడి కూయకముందే లేచి రోజుకు రెండు వందల బీడీలు ఎక్కువ చుట్టింది, సాయంత్రం చాయ్ మానేసింది.

ఇంటికొచ్చి చెప్తే బాపు మగ్గం ఆపిండు. "అట్ల వారం వారం జమ చేస్తే రోఖ్‌కే వస్తుండె కద."

"సేఠ్ అడుగుతడన్న భయం లేకుంటే మనింట్ల పైస ఆగుతుండెనా?" అన్నది అమ్మ.

బాపు లేచిండు. చంకల చిరిగిన తన అంగీ తెచ్చి మిషన్ మీద పెట్టిండు.

అప్పు మంచిదో చెడ్డదో నాకు తెల్వదు. ఈ పది వారాలల్ల గల్లీలోళ్లకు పద్నాలుగు జాకెట్లు కుట్టిన. పొగాకు మరకల అమ్మ వేళ్లు చూస్తే దండం పెట్టబుద్ది అయితది.

మీ ఇండ్లల్ల హప్తా అంటే వారమా, నెలనా? నెల అనేటోళ్లు మా అమ్మకు చెప్పినా లాభం లేదు. వచ్చే సోమారం నుంచి వారం వారం రంగుల టీవీకి కడతదంట.