ఎర్ర తలపాగా కోసం కొన్న రీలు

ఆ పెళ్ళికి ఫోటోలు తీస్తానని నేను మాట ఇవ్వలేదు. పెళ్ళికూతురే నా తరఫున ఇచ్చేసింది. పెళ్ళికొడుకు ఇంటివాళ్ళతో, పాస్టరు అయ్యగారితో, ఆఖరికి మా బడి వంటమ్మతో కూడా చెప్పేసి, అందరికన్నా చివర నాకు చెప్పింది.

“ఏటే ఇది? నన్నడగొద్దా?”

“అడిగితే ఒద్దంటావు. అందుకే అడగలేదు.”

ఆమె పెదబయలు అవతల ఒక కొండ ఊరి పిల్ల. నేను అక్కడి ఆశ్రమ పాఠశాలకు టీచరుగా వెళ్ళిన ఏడాదే మా చర్చిలో బాప్తిస్మం తీసుకుంది. ఆదివారం బడిలో ఇద్దరం కలిసి పిల్లలకు వాక్యం చెప్పేవాళ్ళం. నా దగ్గర పాత రీలు కెమెరా ఒకటి ఉంది. బదిలీ మీద వెళ్ళిపోతూ మా హెడ్మాస్టరు ఇచ్చినది. దానితో అప్పటికి ఏడెనిమిది రీళ్ళు తీసి ఉంటాను. కొండలు, మంచు, క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరులు. అందులో సగం నల్లగా వచ్చాయి.

“ఫోన్లో తీస్తే పోదా?” అన్నాను.

“ఫోన్లో తీస్తే సాయంత్రానికల్లా ఊరూరా తిరుగుతాది. నాక్కావలసిన ఫోటో ఒకటే. అది తిరగకూడదు.”

అప్పుడు అసలు సంగతి చెప్పింది. ఆమె తండ్రి ఆ ఊరి దిసారి. విత్తనం ఎప్పుడు వెయ్యాలో, కొత్త పంట ఎప్పుడు నోట పెట్టాలో చూసి చెప్పేదీ, ఊరి దేవత ముందు కోడిని కోసేదీ ఆయనే. కూతురు చర్చికి వెళ్తుంటే ఆయన ఏమీ అనలేదు. ఊరు మాత్రం ఊరుకోలేదు. దిసారి చర్చి గుమ్మం దాటితే ఆ చేతి పూజ ఇక పనికిరాదని పెద్దలు తేల్చేశారు. అందుకని ఆయన పెళ్ళికి వస్తాడు, కాని బయటే ఉంటాడు.

“నేను లోపల, నాన్న బయట. ఇద్దరం ఒక్క ఫోటోలో పడాలి. నాన్న తలపాగా ఎర్రగానే రావాలి. మరేటీ అడగనే.”

ఇక వద్దనడానికి నాకు దారి లేకపోయింది.

రీలు కోసం విశాఖపట్నం వెళ్ళాను. కొట్టతను మూడు డబ్బాలు తీసి అద్దాల బల్ల మీద పెట్టాడు. ఒకటి నలుపు తెలుపు. నాకు అదంటే ప్రాణం. కొండ మంచు అందులో పడినంత బాగా మరి దేనిలోనూ పడదు. కాని తలపాగా ఎర్రగా రావాలి. దాన్ని పక్కకు జరిపాను. మిగిలినవి రెండు రంగు రీళ్ళు, ఒకటి రెండు వందలు, ఒకటి నాలుగు వందలు. ఆ అంకె ఎంత పెద్దదైతే అంత తక్కువ వెలుతురుతో పని నడుస్తుంది. కాకపోతే బొమ్మ మీద కాస్త ఇసుక చల్లినట్టు ఉంటుంది. రెండు వందల రీలులో మొహాలు పాలమీగడలా నున్నగా వస్తాయి.

మా చర్చి సంగతి అతనికి చెప్పాను. రేకుల కప్పు, రెండే కిటికీలు, తలుపు తీస్తే కళ్ళు చెదిరే ఎండ. ఆ చీకట్లో మనిషీ ఆ ఎండలో మనిషీ ఒకే బొమ్మలో పడాలి.

“నాలుగు వందలు తీసుకోండమ్మా. లోపలి చీకటికి సరిపడేలా కెమెరా సర్ది కొట్టండి. బయట తెల్లగా పోతుంది, పోనివ్వండి. రంగు రీలు ఓర్చుకుంటుంది.”

బల్ల ముందు చాలాసేపు నిలబడ్డాను. బైబిల్లో దివిటీలు పట్టుకుని పెళ్ళికొడుకు కోసం కాచుకున్న పదిమంది కన్యకల సంగతి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. నూనె తెచ్చుకోని ఆ ఐదుగురి గురించి చెప్పి నవ్వించేదాన్ని కూడా. ఆరోజు ఏ సిద్దెలో నూనె ఉందో ఏది ఖాళీదో నాకే తెలియలేదు. ప్రార్థన చేసుకుని, నాలుగు వందల రీళ్ళు రెండు కొన్నాను. రీలు ఒకసారి ఎక్కించాక మనసు మార్చుకోవడం ఉండదు. ముప్పై ఆరు బొమ్మలూ అయ్యేదాకా దానితోనే కాపురం.

పెళ్ళి జనవరిలో. ఆ ఉదయం మంచు దిగింది. చర్చి ముందు పనస చెట్టు కూడా కనబడనంత మంచు. ఎండ ఇమ్మని ప్రార్థించాను, కన్నీళ్ళతో ప్రార్థించాను. ఎండ రాలేదు.

మొదటి రీలు గుమ్మం ముందే ఖర్చయిపోయింది. ఆరోజు చర్చి ఆవరణలో ఫోన్లు ఎత్తకూడదని అయ్యగారి కట్టడి. దాంతో అందరి కళ్ళూ నా కెమెరా మీదే.

“టీచరమ్మా, మాకొకటి.”

“బేగి తియ్యమ్మా, ఈ గుంట ఏడిసేత్తాది.”

“ఓలి వదినా, నవ్వే! పళ్ళేటి అప్పిచ్చీసినావా?”

కాదనలేకపోయాను. రెండో రీలు ఎక్కించేసరికి మంచు కాస్త పల్చబడి, పనస చెట్టు కింద ఒక ఎర్ర చుక్క కనబడింది. ఆయన వచ్చాడు. నోట్లో చుట్ట, తల మీద ఎర్ర తలపాగా. గుమ్మానికి ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డాడు. అంత దూరం నుంచి, అంత మంచులో, లోపలి బొమ్మలో ఆయన పడే దారే లేదు. దగ్గరకు రమ్మని పిలిచే అధికారం నాకు లేదు.

లోపల నా చోటు పాటలు పాడేవాళ్ళతో, ప్రసంగ బల్ల పక్కన. అక్కడి నుంచి చూస్తే ముందు పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు. వాళ్ళ వెనక జనం. జనం వెనక తలుపు. ఫోటోకు అంతకన్నా మంచి చోటు లేదు. కాని ఒకసారి కూర్చున్నాక లేచే వీలు లేదు. ఒక పక్క డోలక్కు, ఒక పక్క చంటిబిడ్డల తల్లులు, వెనక గోడ. నా మోకాళ్ళ మీద ఎవరిదో పాప నిద్రపోయింది. పాట అయింది, వాక్యం అయింది, ఉంగరాలు అయ్యాయి. అన్నీ తీశాను. తలుపు మాత్రం ఖాళీగా, తెల్లగా ఉంది. రీలులో రెండు మిగిలాయి.

అప్పుడు అయ్యగారు వాళ్ళిద్దరినీ మోకరించమని, సంఘమంతా కళ్ళు మూసుకోమని చెప్పారు.

మూసుకున్నాను. ఆదివారం బడిలో ప్రార్థనప్పుడు కళ్ళు తెరిచిన పిల్లలకు మొట్టికాయ వేసేదాన్ని నేనే. చిన్నప్పటి నుంచి ఆ మాట వినబడగానే నా రెప్పలు వాటంతటవే పడిపోతాయి. అయ్యగారి ప్రార్థన పొడుగు. ఆదాము దగ్గర మొదలై అబ్రాహాము ఇంటికి చేరేసరికి నాకు చుట్ట వాసన వచ్చింది.

మా సంఘంలో చుట్ట కాల్చేవాళ్ళు లేరు.

అందరూ కళ్ళు మూసుకున్నారని చూసి దిసారి లోపలికి వచ్చాడని అర్థమైంది. కళ్ళు తెరిస్తే దేవుని ముందు తప్పు. అంతకన్నా, నా కళ్ళు ఆయన కళ్ళకు తగిలితే ఆయన వెళ్ళిపోతాడు. తెరవకపోతే స్నేహితురాలు అడిగిన ఒక్కటీ పోతుంది. కదలడానికి లేదు. ఒళ్ళో పాప. కెమెరా పైకెత్తి, తలుపు ఉన్న దిక్కు గుర్తు చేసుకుని, కళ్ళు మూసుకునే నొక్కాను.

టక్కుమంది. రేకుల కింద ఆ చప్పుడు తుపాకీలా పేలింది. అయ్యగారు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అందుకున్నారు. ఆమెన్ అని అందరం కళ్ళు తెరిచేసరికి గుమ్మం ఖాళీ.

మూడు వారాల తర్వాత ప్రింట్లు వచ్చాయి. ఆ ఒక్కదాని కోసం మిగిలినవన్నీ పేకముక్కల్లా పక్కన పడేశాను. బొమ్మ కాస్త వాలింది. ముందు తల వంచి మోకరించిన పెళ్ళికూతురు తెల్లచీర. వెనక వరుసలు వరుసలుగా వంగిన తలలు. మంచు వల్ల తలుపు కళ్ళు చెదిరేలా లేదు, పాల రంగులో ఉంది. ఎండ కాసి ఉంటే అక్కడ ఏమీ మిగిలేది కాదు. ఆ పాల రంగులో ఆయన. ఒక కాలు గుమ్మం లోపల. తల మీద ఏమీ లేదు. తలపాగా విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఎర్రగా, నిప్పులా పడింది.

దిసారి మన దేవుని ముందు తలపాగా తీశాడు! మోకాళ్ళ మీద పడి స్తుతించాను. నేను అడిగిన ఎండ ఎందుకు ఇవ్వలేదో అర్థమైందనుకున్నాను.

ఆ ఆదివారం అయ్యగారు నన్ను ఆపారు.

“ప్రార్థనలో టక్కుమన్నది నీ కెమెరాయే కదమ్మా? చుట్ట వాసన వచ్చిందని ఆడవాళ్ళు అనుకుంటున్నారు. ఆయన లోపలికి వచ్చాడా?”

నాకు అబద్ధం రాదు. “వచ్చాడు అయ్యగారూ. ఫోటో ఉంది. కాని అది పెళ్ళికూతురిది, నాది కాదు.”

“మన కూడికల్లో ఆ ఒక్క ఫోటో చూపిస్తే చాలు, ఎన్ని ఊళ్ళు కదులుతాయో. దీపం వెలిగించి కుంచం కింద పెడతామా తల్లీ?”

ఆయన మాట నా మాటే. పైకెత్తి అందరికీ చూపించాలని నా లోపల మండుతోంది. చూపించానా, ఆ ఊళ్ళో దిసారి చేతికి విలువ పోతుంది. దాచానా, దేవుని పనిని దాచినట్టు. ఆ వారమంతా ఫోటో నా పెట్టెలో ఉంది, నేను దాని చుట్టూ తిరిగాను.

సంతరోజున పెళ్ళికూతురి తండ్రే వచ్చాడు. బడి వరండా మీద కూర్చుని, తెచ్చిన పసుపు కొమ్ములు పక్కన పెట్టాడు.

“ఏటి టీచరమ్మా, నా బొమ్మ తీసినావంట.”

“తీశాను బాబాయ్. కళ్ళు మూసుకుని.”

“కళ్ళు మూసుకుని నానైతే కోడిని కూడా కొయ్యలేను” అని నవ్వి, చెయ్యి చాచాడు.

ఫోటో ఇచ్చాను. దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. ఉండబట్టలేక అడిగేశాను. “బాబాయ్, ప్రభువు ముందు తలపాగా తీశారు కదా. మీ మనసులో ఏమనిపించింది?”

ఆయన నా వంక వింతగా చూశాడు. 

“ప్రబువా? సలికాలం, ఒట్టి గచ్చు. నా గుంట మోకాళ్ళేసుకుని కూకుంది. ఒక్కడికీ సాప ఎయ్యాలని లేదు. మీరందరూ కళ్ళు మూసేసుకున్నారు. చెట్టు కింద నుంచి సూత్తన్నాను, ఎంతకీ లెగనియ్యరే! సరే, ఈ గుడ్డయినా దాని మోకాళ్ళ కింద ఏద్దామని ఇప్పుకుని వొచ్చినాను.”

“మరి వెయ్యలేదేం?”

“టక్కుమంది కదా. ఎవులో సూసీసారని ఎల్లిపోనాను.”

ఫోటో తిరిగి నా చేతిలో పెట్టాడు. “గుంటకి ఇచ్చెయ్. మావోల్ల కంట పడనీకు” అని లేచి సంతలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు స్నేహితురాలికి ఫోటో ఇచ్చి, ఆయన చెప్పింది చెప్పాను. ఫోటో చూస్తూనే చీర మీది నుంచే మోకాలు రుద్దుకుంది.

“నిజమేనే. ఆరోజు తిమ్మిరెక్కి లేవలేకపోయాను” అంది.

ఆదివారం అయ్యగారు మళ్ళీ అడగకముందే నేనే వెళ్ళాను.

“ఆయన మోకాళ్ళ కింద గుడ్డ వెయ్యడానికి వచ్చాడు అయ్యగారూ. మనం చాప వెయ్యలేదు.”

అయ్యగారు ప్రసంగ బల్ల ముందున్న గచ్చు వైపు చూశారు. “మరి వెయ్యకుండా ఎందుకు వెళ్ళిపోయాడమ్మా?”

“నేను నొక్కాను” అన్నాను.