నూట పద్నాలుగుకు పలికిన గొంతు

మేం వేసిన నాటకానికి వేదిక లేదు, తెర లేదు, పాటలు లేవు. చూడవచ్చినవాళ్ల చేతిలో గుమ్మం దగ్గరే అంకె కొట్టిన రేకు బిల్ల ఒకటి పెట్టేవాళ్లం. కుర్చీలకు బదులు సిమెంటు మోసే ఇనప గమేలాలు బోర్లించి వాటిమీద కూర్చోబెట్టేవాళ్లం. నటుడు ఒక్కడే. పాతకాలపు ముకాదం, అంటే కూలీల మీద పెత్తనం చేసే మేస్త్రి. రిజిస్టరు పట్టుకుని హాజరు పిలుస్తాడు. పేర్లుండవు, నంబర్లే. ఒక్కో నంబరు పిలిచి ఆ మనిషి గురించి రెండు మాటలు చెప్తాడు. ఒకామె చంటిపిల్లను ఇసుక కుప్ప పక్కన పడుకోబెట్టి వచ్చింది. ఒకతను నిన్నటి జ్వరంతోనే నిచ్చెన ఎక్కాడు. అట్లా నలభై నిమిషాలు. చివరికి నూట పద్నాలుగు అని మూడుసార్లు పిలుస్తాడు. ఎవరూ పలకరు. ఒక నిమిషం అట్లాగే నిలబడి, రిజిస్టరు మూసి బయటికి వెళ్లిపోతాడు. అంతే నాటకం.

రాసింది నేను. కొరియర్ ఆఫీసులో పార్సెళ్లు చూసుకునే ఉద్యోగం నాది. నటుడు ముంబయి ధారావిలో ఉండే టైల్స్ మేస్త్రి. పాలమూరు నుంచి వలస వచ్చిన కుటుంబం, వయసు నలభైకి దగ్గర. ఒక పెళ్లిలో భజన పాడుతుంటే విని, ఆ గొంతు కోసమే వెతుక్కుంటూ వెళ్లాను.

కథ మాత్రం మా తాతది. ఆయన నిజంగానే ముకాదం. కామాటిపురలో మేముండే వరసగదుల చాల్ వరండాలో అన్నం తిన్నాక కూర్చుని ఎన్నోసార్లు చెప్పేవాడు. కట్టుబడి దగ్గర గోడ కూలి ఒక ఆడకూలీ చనిపోయిందట. మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ ఆమె నంబరు పిలిచాడట. మూడుసార్లు పిలిచినా పలుకు లేదట. "ఇగ ఆ దినమే ముకాదం పని ఇడ్సిపెట్టిన బిడ్డా" అని కళ్లు తుడుచుకునేవాడు. ఆయనతోపాటు నేనూ ఏడ్చేవాణ్ని.

మొదటి ప్రదర్శన దాదర్‌లో ఒక చిన్న హాల్లో వేశాం. నటుడు వెళ్లిపోయాక కూడా జనం లేవలేదు. అయిపోయిందో లేదో వాళ్లకు తెలియలేదు. కాసేపటికి ఒకాయన ఫోన్ తీసి చూసుకున్నాడు. వెనక ఎవరో రెండు చప్పట్లు కొట్టి, తోడు రాకపోయేసరికి ఆపేశారు. ఒక పెద్దమనిషి నా దగ్గరికొచ్చి, "బాగానే ఉందండీ, కానీ ఇందులో కథేదీ?" అన్నారు. ఒక కాలేజీ అమ్మాయి మాత్రం బిల్ల తిరిగివ్వకుండా పిడికిట్లో పట్టుకుని వెళ్లిపోయింది. నాకు ఆ మాత్రం చాలనిపించింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మా చాల్‌లోనే వేశాం. కింది అంతస్తులో ఒకప్పుడు భజన చేసుకునే గది. చాల్ కూలగొట్టి కొత్తది కడతారని సగం కుటుంబాలు అప్పటికే వెళ్లిపోయాయి. మిగిలినవాళ్లలో ముప్పైమంది దాకా వచ్చారు, ఎక్కువమంది ముసలివాళ్లు. వాళ్లు దాదర్ జనంలాగా మౌనంగా చూడలేదు. నిచ్చెన మాట రాగానే ఒక తాత, "గప్పుడు నిచ్చెన్లు యాడివి, బొంగులు కట్టి ఎక్కుతుంటిమి" అని సరిదిద్దాడు. జ్వరం మాట రాగానే ఒకామె, "అయ్యో, గాయన్ని ఇంటికి తోలరాదా" అంది. గుమ్మంలో నిలబడ్డ కుర్రకారు మరాఠీలో ఏదో అనుకుని నవ్వుకున్నారు. నాకు లోపల సంతోషంగానే ఉంది.

"నూట పద్నాలుగు" అని పిలిచాడు నటుడు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. రెండోసారి పిలిచాడు. మూడోసారి కోసం ఊపిరి తీసుకుంటుండగా, గది మధ్యలోంచి సన్నటి గొంతు పలికింది.

"హాజర్."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పలికింది వెలిసిపోయిన ఆకుపచ్చ చీరలో ఉన్న ఒక ముసలామె. చూపు నేలమీదే ఉంది. నటుడు నావైపు చూశాడు. మూడోసారి పిలవాల్సినవాడు, నేను రాయని మాట అడిగాడు. "ఎవలు?"

"నేనే, ముకాదం" అంటూ ఆమె లేచింది. చేతులు రెండూ పక్కలకు ఆనించి, వరసలో నిలబడ్డట్టు నిలబడింది. పక్కామె చెయ్యి పట్టి లాగితే గానీ కూర్చోలేదు. ముసలివాళ్లలో ఇద్దరు బిల్లలు గమేలా మీద పెట్టి, మమ్మల్ని చూడకుండా వెళ్లిపోయారు. చప్పట్లు కొట్టే ఆలోచన ఎవరికీ రాలేదు.

నేను ఆమె వెంట వెళ్లాను. ఫాక్‌లాండ్ రోడ్డు వైపు గల్లీలో, మెట్ల కింద చిన్న గది. నన్ను చూసి, "నువ్వు ముకాదం మనుమడివి గదా. రా, కూసో" అంది.

"నాటకంల ఎందుకు పలికినవ్ అవ్వా?" అన్నాను.

"నంబర్ పిలిస్తె పల్కకుంటె ఎట్ల? గది మా అక్క నంబర్."

తర్వాత ఆమె నిదానంగా చెప్పింది. గోడ కూలిన నాటికి ఆమెకు పదమూడేళ్లు. ఆ సాయంత్రమే మా తాత వాళ్ల గుడిసెకు వచ్చాడు. "రేపు పొద్దుగాల నీ అక్క నంబర్ పిలుస్త, నువ్వు హాజర్ అను అన్నడు. మనిషి సచ్చిందని ఎర్కైతె కంట్రాక్టు సాబు అందర్ని గుడిసెలు కాళీ చేయిస్తడన్నడు. పొద్దుగాల పిలిచిండు. నేను పల్కిన."

"మూడుసార్లు పిలిచిండా?"

"ఒక్కపారే పిలిచిండు. నేను జల్దీ పల్కిన, భయానికి."

పదకొండేళ్లు అదే నంబరు మీద పలికిందట. పదకొండేళ్లూ పిలిచింది మా తాతే.

"మరి మీ అక్కను?"

"మావోళ్లు చప్పుడు చేయకుంట కాల్చొచ్చిండ్రు. కాగితంల మాత్రం మా అక్క పని చేస్తనే ఉండె." ఆమె గోడకున్న సంచిలోంచి రేషన్ కార్డు తీసి చూపించింది. "దీంట్ల గూడ అక్క పేరే. పెండ్లి గూడ గా పేరు మీదనే అయింది. పిల్లలకు గూడ గదే ఎర్క."

"నీ పేరేంది అవ్వా?"

ఆమె గుమ్మం వైపు ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగి చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను.

ఇంటికెళ్లి నాన్నకు చెప్పాను. ఆయన టీవీ ఆపాడు. "గా పొల్ల, నేను చిన్నప్పుడు కలిసి ఆడుకున్నోళ్లం" అన్నాడు.

"అంటే నీకు ముందే ఎర్క. మరి నాకెందుకు చెప్పలె నాయినా?"

"మీ తాత ఏడుస్తుండె, ఆయన్ను చూసి నువ్వు ఏడుస్తుంటివి. నడిమిట్ల నేనేం చెప్పాలె?" నాటకం చూడ్డానికి ఆయన ఒక్కసారి కూడా రాకపోవడానికి కారణం నాకప్పుడు తెలిసింది. తాత ఏడ్చింది అబద్ధం కాదేమో. ఎవరూ పలకలేదని ఆయన తలుచుకుని ఏడ్చిన ఆ ఉదయం మాత్రం ఎన్నడూ రాలేదు.

నాటకం ఆపేద్దామన్నాడు నటుడు. "అన్నా, ఇగ గా నంబర్ పిలువనీకి నాకు నోరు వస్తలేదు." నాకూ అదే అనిపించి అవ్వకు చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. "ఇంకొక్కపారి వెయ్యుండ్రి. ఈపారి నేను పల్కను. ఎవలు పల్కొద్దని చెప్పు."

మళ్లీ ఆదివారానికి సంగతి గల్లీ అంతా పాకింది. గదిలో చోటు లేక జనం బయట మెట్ల మీద నిలబడ్డారు. వాళ్లలో మా నాన్న కూడా ఉన్నాడు. ఈసారి నిచ్చెన దగ్గర ఎవరూ సరిదిద్దలేదు. నూట పద్నాలుగు అని పిలవగానే అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండోసారికి కొంగును ఇంకా గట్టిగా అదుముకుంది. అరవై ఏళ్ల కింద నోటికి పట్టిన మాటను బలవంతంగా లోపలికి తోసుకుంటోంది. మూడోసారి కూడా పిలిచాడు. బయట హారన్లు వినబడుతున్నాయి. ఎవరూ పలకలేదు. నటుడు వెళ్లిపోయిన తర్వాత కూడా, అయిపోయిందా అని ఎవరూ అటూ ఇటూ చూడలేదు. చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు. చివరికి అవ్వే లేచి, "ఇగ పోదాం పాండ్రి" అంది.

ఆ నాటకం మళ్లీ వేయలేదు. మూడు నెలలకు అవ్వ గల్లీ విడిచి, ఊరి చివర కూతురింటికి వెళ్లింది. మొన్న ఆ కూతురు ఫోన్ చేసింది. తెలుగులో మొదలుపెట్టి, మాట దొరక్క హిందీలోకి మారి, మళ్లీ తెలుగులోకి వచ్చింది.

"కాకా, మా ఆయికి, అంటే అమ్మకు, జ్ఞాపకం పోతుంది. మేం పేరు పెట్టి పిలిస్తె పల్కుతలేదు. గది నా పేరు కాదంటుంది. మరేందంటె చెప్తలేదు. మీకు ఎర్క అని మాత్రం అంటుంది."

చెప్పాల్సింది ఆమే అని అనుకున్నాను. ఆ మాటే అన్నాను. "ఆమెనే అడగమ్మా, చెప్తది" అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక చాలాసేపు ఆ పేరు నా నోట్లోనే ఉండిపోయింది. నాన్నకు ఆ పేరు గుర్తులేదు. ఆమె కూడా మరిచిపోయి ఉంటే, ఇప్పుడు నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. రేపు మళ్లీ ఫోన్ చేస్తే ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.