గజ్జల్లో గడ్డలు, గుండెలో సిగ్గు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మేనత్తకు వేరే మంచం, వేరే కంచం ఉండేవి. మాది ఇటిక్యాల దగ్గర పల్లె. ఆమె మా నాన్నకు అక్క. పెళ్లయి వడ్డేపల్లి వైపు వెళ్లి, ఒక ఆడపిల్లను కన్న తర్వాత, ఆ పిల్లను అక్కడే వదిలి పుట్టింటికి వచ్చేసింది. ఎందుకు వచ్చిందో మాకు ఎవరూ చెప్పలేదు. అత్తను ముట్టుకోవద్దని మాత్రం చెప్పారు.

నాకు తెలిసింది ఆమె నడక ఒక్కటే. కాళ్లు ఎడంగా పెట్టి, అడుగు తీసి అడుగు వేయడానికి ఆలోచిస్తున్నట్టు నడిచేది. చేనులో ఆడవాళ్లంతా గొంతుకూర్చుని కలుపు తీస్తుంటే, ఆమె నడుము వంచి నిలబడే తీసేది. పొద్దూ మాపూ స్నానం చేసేది. చీర అడ్డం కట్టుకుని పీచుతో ఎంతసేపు రుద్దుకునేదో, బయటికి వచ్చేసరికి కళ్లు ఎర్రబడి ఉండేవి. మా అవ్వ సున్నం, బెల్లం నూరి చాటుగా ఆమె చేతికిచ్చేది. అది పూసుకున్న రోజున అత్త అన్నం తినేది కాదు.

ఒక ఏడు పత్తి ఏరే రోజుల్లో నాకు చంకలో గడ్డ లేచింది. చెయ్యి పైకెత్తలేకపోయాను. అమ్మ నా రవిక విప్పి చూసి, అత్త వైపు తిరిగింది.

“వదినె, నీ రోగం నా పిల్లకు అంటింది గద! నీ పిల్లనంటే ఆడ ఇడిసొచ్చినవ్, నా పిల్ల ఏం చేసింది?”

అమ్మ చెడ్డది కాదు, భయపడింది. మర్నాడు తెల్లారగానే అత్త ఉతికిన చీర కట్టుకుని వాకిట్లో నిలబడింది. నాన్న వలసపనికి పోయి ఉన్నాడు. అమ్మ ఒడిలో పాలు తాగే తమ్ముడు.

“పిల్లను గద్వాల దవాఖానకు నేను తీస్కపోత. నా వల్లనే వచ్చిందంటున్నవ్ గద.”

బస్సులో చోటు ఉన్నా ఆమె కూర్చోలేదు. కమ్మీ పట్టుకుని గద్వాల దాకా నిలబడే వచ్చింది.

దవాఖానలో పెద్ద వయసు డాక్టరమ్మ నా గడ్డ చూసి, ఇది మామూలు సెగ్గడ్డ, నాలుగు రోజుల్లో తగ్గిపోతుందని చెప్పి మందు రాసింది. అత్త కదలలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది.

“నా కాడికెళ్లి అంటలేదు గద అమ్మా?”

“నీకేముంది తల్లీ?”

అత్త తల దించుకుంది. డాక్టరమ్మ మరో మాట అడగకుండా ఆమె చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకెళ్లింది. నేను ఇవతల స్టూలు మీద కూర్చున్నాను. కాసేపటికి తెర వెనక నుంచి అత్త గొంతు వచ్చింది.

“మొదాలు చిన్నగ మొటిమలోలె లేచినయమ్మా. ఎనక గడ్డలైనయి. ఒకటి పగిలి మానకముందే పక్కన ఇంకోటి. చీము, వాసన. చెడ్డ రోగమని మా అత్త పిల్లను నా పక్కల పండనియ్యలె. మా ఆయన తోల్కొచ్చి మా వాళ్ల వాకిట్ల ఇడిసిపెట్టి పోయిండు.”

“ఎవరికీ చూపించలేదా?”

“ఆడ ఎట్ల సూపియ్యాలె? సిగ్గైంది.”

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఇది మురికి వల్ల వచ్చేది కాదట. వెంట్రుకల కుదుళ్లు మూసుకుపోయి లోపల వాస్తాయట. గజ్జల్లో, చంకల్లో, ఒరుసుకునే చోట్ల ఈ గడ్డలు వస్తాయట. పక్కన పడుకున్నా, బట్ట కలిసినా ఎవరికీ అంటదట. గడ్డను పిసకొద్దని, సున్నం పెట్టొద్దని, పీచుతో అసలే రుద్దొద్దని చెప్పింది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో కాపడం పెట్టుకొమ్మంది, వదులుగా నూలు బట్టలు కట్టుకొమ్మంది. “మొదట్లోనే వచ్చి ఉంటే చాలావరకు అదుపులో ఉండేది. ఇప్పుడు చర్మం కింద ఒక గడ్డ నుంచి ఇంకో గడ్డకు చీము దారులు పడ్డాయి. మందులతో నొప్పి తగ్గుతుంది తల్లీ, పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను.”

పూర్తిగా పోదన్నందుకు అత్త ఏడవలేదు. “అంటదా? నిజంగ అంటదా?” అని మళ్లీ మళ్లీ అడిగి, అప్పుడు ఏడ్చింది. తెర ఇవతల కూర్చున్న నాకు ఆ ఏడుపు అర్థం కాలేదు. నాకు పిల్లలు పుట్టాక అర్థమైంది.

బస్టాండులో నన్ను దగ్గరికి తీసుకుని జుట్టు సవరించింది. ఆమె చెయ్యి నన్ను తాకడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. ఇంటికి వచ్చి జరిగింది చెప్పాం. ఆ పూట అమ్మ అత్తను మా పక్కనే కూర్చోబెట్టి అన్నం పెట్టింది.

మందులు వాడాక అత్తకు నొప్పి తగ్గింది. కాస్త తేలిగ్గా నడవగలిగిన రోజున, డాక్టరమ్మ మాట వాళ్లకూ చెప్పి కూతుర్ని ఒక్కసారి ఎత్తుకుని వస్తానని వడ్డేపల్లి వైపు బయలుదేరింది. సాయంత్రానికల్లా తిరిగి వచ్చింది. ఆ పిల్ల అప్పటికి ఇంకొకామెను అమ్మా అంటోంది. అత్తను చూసి తలుపు చాటుకు పోయి, “ముట్టుకోకు” అందట. పిల్లకు తెలిసింది అదే. అత్త ఆ సంగతి అవ్వకు చెప్పి, చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది. మళ్లీ ఆ ఊరి పేరు ఎత్తలేదు.

అత్త పోయి చాలా ఏళ్లయింది. నేను ఇప్పుడు వనపర్తిలో నా కూతురి దగ్గర ఉంటున్నాను. గద్వాల బస్సు మా ఊరి ముందు నుంచే రోజూ పోయేదని, అంతకుముందు తన కోసం ఆమె ఒక్కనాడూ అది ఎక్కలేదని తలచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సయించదు. అందుకే మా వాడలో ఏ ఆడపిల్లయినా నడక మార్చుకుంటే, కూర్చోవడానికి వెనకాడితే, నేను చూసీ చూడనట్టు ఊరుకోను. నలుగురిలో అడగను. పక్కకు పిలిచి, “ఎక్కడ నొస్తుంది బిడ్డా?” అంటాను. “ఏం లేదవ్వా” అంటారు మొదట. అందరూ అదే అంటారు. నేను లేచి వెళ్లిపోను. చెప్పేదాకా ఆ పిల్ల పక్కనే కూర్చుంటాను.