మా కల్లానికి రాని సముద్రపు గాలి

గాలి ఎలా పుడుతుందో ముప్ఫై ఏళ్లు సిరిసిల్ల బడిలో పాఠం చెప్పాను. ఎండకు నేల వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి చల్లగాలి వస్తుంది. భూమి తిరుగుతుంది కాబట్టి అది తిన్నగా రాక పక్కకు మళ్లుతుంది. ఆ గాలులే సముద్రం పైనీటిని తోసుకుపోయి ప్రవాహాలు చేస్తాయి. ఇంతవరకు హాయిగానే చెప్పేవాణ్ణి. పగలు సముద్రం మీది నుంచి నేల మీదికి గాలి వస్తుందనే వాక్యం దగ్గర మాత్రం ఒళ్లు మండేది. ఆ వాక్యం మా అమ్మ కష్టాన్ని తినేసింది.

అరవై తొమ్మిది ఎండాకాలం. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో జగిత్యాల కాలేజీ మూతపడితే, భూగోళం పుస్తకం చంకన పెట్టుకుని రాయికల్ పక్కనున్న మా ఊరికి వచ్చాను. నాన్న లేడు. అమ్మ దొర పొలాల్లో కూలి చేస్తూనే ఊరి చివర ఒక్క మడి కౌలుకు పట్టి, పండించి, వడ్లు కల్లంలో కుప్ప పోసింది. ఇక తూర్పారబట్టాలి. ఎత్తుపీట మీద నిలబడి చాటతో వడ్లు జారవిడిస్తే పొల్లు గాలికి ఎగిరిపోతుంది. మా ఊళ్లో ఆ గాలి కూడా దొరదే. గాలి లేవగానే కూలీలందరూ తమ కుప్పలు వదిలేసి దొర కల్లానికి ఉరకాలి. ఆయన పని అయ్యాక మిగిలిందే మాది. మూడు రోజులుగా ఏమీ మిగల్లేదు.

నాలుగో రోజు తెల్లవారుతూనే సన్నగా గాలి లేచింది. దొర మనిషి ఇంకా పిలవలేదు. అమ్మ చాట అందుకుంది. బుద్ధిలేనివాణ్ణి, నేనే ఆపాను.

"గిది ఆగిపోతది అమ్మా. పగటీలి సముద్రం దిక్కుకెల్లి పెద్దగాలి అస్తది, పుస్తకంల ఉన్నది. అప్పుడు దొర మనుషులు పండుకుంటరు."

"నువ్వు సదువుకున్నోనివి కొడుకా," అని అమ్మ చాట దించింది.

మధ్యాహ్నం ఆకు కదల్లేదు. ఆ గాలి తీరం నుంచి కొంత దూరమే లోపలికి వస్తుంది. సముద్రం మాకు ఎన్ని వందల మైళ్లో అదే పుస్తకంలోని పటం చూస్తే తెలిసేది. వెధవను, చూడలేదు.

సాయంత్రం మబ్బులతో గాలి లేచింది. వెంటనే దొర కల్లం నుంచి కేక. అమ్మ వెళ్లింది, నేనూ వెంటపడ్డాను. అక్కడ దొర కొడుకు ఉన్నాడు, మా కాలేజీవాడే. వారం కింద కోరుట్ల మీటింగులో, నౌకరీలలో మన వాటా మనకు కావాలని గొంతు చించుకున్నాడు. నేను చేతులు మండేలా చప్పట్లు కొట్టాను. కోరుట్లలో అన్నా అని పిలవనిచ్చేవాడు, ఊళ్లో మాత్రం దొరా అనాలి. కోపంలో మీరు అనడం కూడా మరిచాను.

"నౌకరీలల్ల వాటా అంటివి గదా దొరా. గీ గాలిల మాకు లేదా వాటా? మా అమ్మను ఇడువు, వాన అస్తది."

నవ్వాడు. "ఉద్యమం వేరు, కల్లం వేరురా. ముందుగాల మా కుప్ప కానియ్."

వాళ్ల కుప్ప అయింది, వాన అందుకుంది. నేను గోనెసంచులు కప్పేలోపే మా వడ్లు తడిసిపోయాయి, మూడో నాటికి మొలకలెత్తాయి. ఆ ఏడాదంతా ముక్కవాసన కొట్టే అన్నం తిన్నాం. అమ్మ తిట్టినా బాగుండేది.

మళ్లీ పంటకు గాలి లేచినప్పుడు, అమ్మ చాట పట్టుకుని నా దిక్కు తిరిగి, దెప్పడానికి కాదు, నిజంగానే అడిగింది.

"ఇప్పుడు పట్టాల్నా కొడుకా, ఆగాల్నా?"