ఎర్రనీళ్ళకు తెల్ల ఈక

కరువు రోజుల్లో ఒకసారి నంద్యాల స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాను. పక్కన ఒక ముసలి సాయిబు చిన్న గాలానికి కోడి ఈక చుట్టి, పట్టుదారంతో బిగించి పురుగులా చేస్తున్నాడు. ఎవరో దొర దగ్గర నేర్చుకున్నాడట. చేప దాన్ని పురుగే అనుకొని పట్టుకుంటుందట. ఒడిలో నల్ల ఈకలున్నా తెల్లవే ఏరుతున్నాడు.

"నల్లవి పనికిరావా తాతా?" అన్నాను.

"అవి తేటనీళ్ళకప్పా. కొత్తనీళ్ళు ఎర్రగా వస్తాయి. తెల్లదైతేనే చేపకు కనపడతాది."

"మీ వాగులో నీళ్ళుండాయా?"

"యాడివప్పా, ఉత్త ఇసుకే ఉండాది. వాగొచ్చినాక ఈకలు కట్టుకుంటా కూచుంటే చేప నాకోసరం నిలబడతాదా?"

మిగిలిన దారం పంటితో కొరికి, ఇంకో తెల్ల ఈక తీసుకున్నాడు.

ఊరు చేరిన మర్నాడు, ఆకాశంలో మబ్బుతునక లేకపోయినా, రెండేళ్ళుగా అటక మీదున్న నాగలి కర్రు దించి పదును పెట్టించడానికి కొలిమికి తీసుకుపోయాను.