ఇటలీ అరుగు, మా ఇంటి మెట్లు

ఈ మధ్యాహ్నం మా కేంబ్రిడ్జ్ లైబ్రరీలో ఇటలీలోని ఐదారు వందల ఏళ్లనాటి నగర కూడళ్ల గురించి స్లైడ్లు వేసి చెప్పారు. చుట్టూ కమాన్ల వసారాలు, మధ్యలో రాళ్లు పరిచిన ఖాళీ జాగా. ఒక షావుకారు భవనానికి వీధి వైపు గోడ పొడవునా రాతి బెంచీ కట్టారు. దారిన పోయే ఎవరైనా కూర్చోవచ్చట. "అరే, ఇది మన అరుగే!" అని పైకే అనేశాను. అర్థమయ్యేవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు.

ఇంటికొచ్చి, వంట ముగించి, టీ కప్పుతో గుమ్మం ముందు మెట్ల మీద కూర్చున్నాను. మా ఆయన, అమ్మాయి వచ్చేసరికి ఎలాగూ చీకటి పడుతుంది.

ఎదురింటి లిండా కారు దిగి, నన్ను చూసి కంగారుగా రోడ్డు దాటి వచ్చింది. మా వాకిట్లోకి ఆవిడ రావడం ఇదే మొదలు.

"తాళం మర్చిపోయారా? మీవాళ్లు వచ్చేదాకా మా ఇంట్లో కూర్చోండి."

"లేదండీ, ఊరికే కూర్చున్నాను."

"ఊరికేనా? హమ్మయ్య, భయపడ్డాను!" అని నవ్వి వెళ్లిపోయింది. వాళ్ల గరాజ్ తలుపు దిగిపోయింది.

"అవును, తాళం మర్చిపోయాను" అని ఒక్క మాట అని ఉంటే, ఈపాటికి వాళ్ల సోఫాలో కబుర్లు చెబుతుండేదాన్ని. మీరైతే ఏమనేవారు?